పంచె మీద ఎర్రచుక్కలు, బూత్‌లో మడతల ఫిల్టరు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన మాది చిన్న పెయింటు షెడ్డు. టింకరింగ్ పక్కనాయన చూసుకుంటాడు, పుట్టీ నుంచి క్లియర్ కోట్ (రంగు మీద వేసే మెరుపు పూత) దాకా మా పని. ఎక్కువగా కొండకు తిరిగే టాక్సీలు, టెంపోలు వస్తాయి. పోయిన ఆయుధపూజకు ముందు ఒక టెంపోకు ఎర్ర రంగు కొట్టినాము. మర్నాడు పొద్దున్నే వెనకింటి పెద్దాయన తెల్ల పంచె చేత్తో పట్టుకొని వచ్చి షట్టరు ముందర నిలబడినాడు. పంచె నిండా ఆటలమ్మ పోసినట్టు ఎర్రచుక్కలు. “ఏం నాయనా, బండ్లన్నీ అయిపోయినాయా, మా పంచెలకు గూడా కొడతా ఉండావు?” అన్నాడు. కొత్త పంచె కొనిచ్చినాను. బూత్‌లో, అంటే రంగు కొట్టే గదిలో, తుంపర పట్టే ఫిల్టర్ల మీద నేను పెట్టిన మొదటి ఖర్చు అదే.

మా బూత్‌లో గాలి ముందు తలుపుల్లోంచి వచ్చి, బండి మీదుగా పోయి, వెనక గోడలోని ఎగ్జాస్టులోకి వెళ్తుంది. ఆ గోడ 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ఇన్నాళ్లూ దానికి ఒకే వరస గ్లాస్ ఫైబర్ మాట్ (గాజు పోగుల పరుపు) ఉండేది. కొత్తది వేసిన వారం బాగా లాగేది. తర్వాత రంగు పట్టి అట్టగట్టేది, గాలి మందగించేది. స్ప్రే గన్‌లోంచి లేచిన రంగు పొగ బయటికి పోలేక బండి చుట్టే తిరిగి, తడి క్లియర్ మీద వాలి, ఇసక చల్లినట్టు గరుకు తేలేది. అప్పుడు మా పిల్లోళ్లు ఏం చేసేవాళ్లంటే, మాట్‌ను ఒక మూల పైకెత్తి కట్టేసేవాళ్లు. గాలి బ్రహ్మాండంగా ఆడేది. పెద్దాయన పంచె మీదికి రంగు పోయింది ఆ మూలలోంచే.

దాని బదులు చెన్నైలో ఒక ఫిల్టర్ల దుకాణం నుంచి రెండు వరసల సెట్టు తెప్పించినాను. ముందు వరస మడతల పేపరు, వెనక వరస గ్లాస్ మాట్. ఒక పెట్టె పేపరు, ఒక చుట్ట మాట్, లారీ బాడుగతో కలిపి రూ.9,400 అయింది. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను.

పేపరు సంగతి చెప్పాలి. గట్టి గోధుమరంగు కాగితం, అకార్డియన్ మాదిరి మడతలు, ముందూ వెనకా బెజ్జాలు. ముందు బెజ్జానికి ఎదురుగా వెనక బెజ్జం ఉండదు, పక్కకు జరిగి ఉంటుంది. గాలి లోపలికి పోయి ఒంపు తిరిగి బయటపడాలి. మన ఘాట్ రోడ్డులో మలుపు ఎట్లుంటుందో అట్లే. గాలి తేలిక కాబట్టి తిరిగేస్తుంది. రంగు తుంపర బరువు, అదే వేగంలో మలుపు తిరగలేక నేరుగా పోయి గోడకు గుద్దుకొని అక్కడే అతుక్కుంటుంది. మడతల నిండా చోటు ఉంటుంది గనక చాలా రంగు పట్టేదాకా గాలికి దారి మూసుకుపోదు. దీన్ని కూడా తప్పించుకున్న సన్న తుంపరను వెనక మాట్ పట్టుకుంటుంది. ఒక్క మాట్ ఉన్నప్పుడు పది రోజులకు మార్చేవాణ్ణి. ఇప్పుడు పేపరు రెండు నెలలు వస్తోంది, వెనక మాట్ మూడు వారాలు. మొదటి పేపరు తీసి తూకం వేస్తే కొత్తదానికంటే 14 కిలోలు ఎక్కువుంది.

అయితే మొదటి వారం నాకు తిట్టుకోవడమే సరిపోయింది. వెనక మాట్ రెండు రోజులకే మూసుకుపోయింది. దుకాణానికి ఫోన్ చేస్తే “వాడకంలో ఏదో తప్పుంటుంది సార్” అని పెట్టేసినారు. చూస్తే మావాడు తిరగేసి వేసినాడు. మాట్‌కు ఒకవైపు పోగులు వదులుగా, ఇంకోవైపు దట్టంగా ఉంటాయి. వదులు వైపు గన్ దిక్కుకు, దట్టం వైపు ఫ్యాన్ దిక్కుకు ఉండాలి. ఈ ఒక్క ముక్క పెట్టె మీద అచ్చేస్తే వాళ్ల సొమ్మేం పోతుందో!

రెండోది ఫ్రేము. మూలల్లో వేలు దూరేంత సందు ఉండింది. గాలికి తేలిక దారి కనబడితే ఫిల్టరులోకి ఎందుకు పోతుంది? స్పాంజి పట్టీ అతికించి, క్లిప్పులు బిగించినాక గానీ షెడ్డు వెనక రేకు మీద ఎర్రదుమ్ము ఆగలేదు. పేపరు మార్చినందువల్ల ఎంత మేలు జరిగిందో, ఈ సందు మూసినందువల్ల అంతే జరిగిందని నా లెక్క.

ఎప్పుడు మార్చాలో కంటితో చూసి చెప్పలేము. మీటరుకు వేలు పెట్టడం ఎందుకని సన్నని ప్లాస్టిక్ ట్యూబు యూ ఆకారంలో వంచి, నీళ్లలో రెండు చుక్కల సిరా కలిపి పోసి, ఒక కొస బూత్ లోపల, ఇంకో కొస ఫిల్టరు వెనక పెట్టినాను. కొత్త సెట్టుకు రెండు వైపుల నీళ్ల మట్టానికి 4 మిల్లీమీటర్ల తేడా. 12 దాటితే ఏ వరస నిండిందో చూసి దాన్ని మారుస్తున్నా. మేస్త్రీ మొదట నవ్వినాడు. ఇప్పుడు గన్ పట్టకముందు ఆయనే దాని దగ్గరికి పోతాడు.

దుకాణాయన 99 శాతం పడుతుందన్నాడు. అమెరికాలో కార్ల పెయింటు షాపులకు 2008లో పెట్టిన నిబంధనలోనే బూత్ ఫిల్టరు 98 శాతం తుంపర పట్టాలని ఉంది, అంటే అది కనీసం. నాకు కోపం వచ్చింది ఇంకో మాటకు. “వాసన కూడా ఆగిపోతుంది సార్” అన్నాడు. ఆగదు. పేపరైనా మాట్ అయినా తుంపరను పడతాయి, థిన్నరు ఆవిరిని కాదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ వేరే కావాలి. టూ-కే (రెండు భాగాలు కలిపి కొట్టే) పెయింటు హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరికి చెడ్డది, లోపల కొట్టేవాడికి గోడమీది ఫిల్టరు ఏ సాయమూ చెయ్యదు. మా మేస్త్రీకి బయటి గాలి పైపుతో అందే మాస్కు కొన్నాను, ఫిల్టరు ఆ మాస్కుకు బదులు కాదు.

వాడేసిన పేపరును మూలకు కుప్పెయ్యకండి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు పట్టిన ఫిల్టర్లు వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్ల డ్రమ్ములో ముంచి పెడుతున్నాను. కొత్త పెట్టెను వానల్లో విప్పి పెట్టొద్దు, చెమ్మకు మడతలు జారిపోతాయి.

ఈ సెట్టుకు ఐదుకు నాలుగిస్తాను. ఒకటి తగ్గించింది వాసన అబద్ధానికి. పెద్దాయన ఇప్పుడు అదే దండెం మీద పంచె ఆరేస్తున్నాడు, దారిన పోతా పోతా రేకు మీద వేలుతో తుడిచి చూసి పోతాడు. ఫ్రేము కొలతలు రాసి పంపితే దుకాణంవాళ్లే కోసి ఇస్తామన్నారు గానీ నాకు 3 అడుగుల ముక్క మిగిలింది. చిన్న బూత్ ఉన్నవాళ్లెవరైనా వచ్చి పట్టుకుపోవచ్చు.