అబార్ట్‌కంట్రోలర్‌తో ఆరేళ్లు

వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌లో హుక్స్ (కాంపొనెంట్లను, అంటే పేజీలోని ముక్కలను, క్లాసులు లేకుండా ఫంక్షన్లతోనే రాసే పద్ధతి) 2019 ఫిబ్రవరిలో వచ్చాయి, 16.8 వెర్షన్‌తో. మా ప్రాజెక్టును క్లాసుల నుంచి హుక్స్‌కి మారుస్తున్న రోజుల్లోనే అబార్ట్‌కంట్రోలర్‌ని, అంటే సర్వర్‌కి పంపిన రిక్వెస్టును మధ్యలో ఆపడానికి బ్రౌజర్ ఇచ్చే సాధనాన్ని, మొదటిసారి వాడాను. వాడింది మాత్రం పిచ్చి కారణంతో. తెర మీంచి తీసేసిన కాంపొనెంట్‌లో స్టేట్ (అది దాచుకునే డేటా) మారుస్తున్నారు, మెమరీ లీక్ కావచ్చు అంటూ కన్సోల్‌లో ఎర్రగా ఒక హెచ్చరిక పడేది. అది కనబడకుండా పోతే చాలనుకున్నాను.

అంతకుముందు అందరిలాగే నేనూ కాంపొనెంట్ తెర మీద ఉందో లేదో గుర్తుంచుకునే ఈజ్‌మౌంటెడ్ అని ఒక రెఫ్ పెట్టుకుని, స్టేట్ మార్చే ప్రతి సెట్‌స్టేట్ ముందూ దాన్ని చూసుకునేవాణ్ణి. దాంతో హెచ్చరిక పోయింది గానీ అసలు బగ్ అలాగే ఉండిపోయింది. తమాషా ఏమిటంటే, 2022లో రియాక్ట్ 18 వచ్చినప్పుడు ఆ హెచ్చరికను రియాక్ట్ వాళ్లే ఎత్తేశారు. చాలా సందర్భాల్లో అక్కడ లీకే లేదని, దాన్ని తప్పించుకోవడానికి జనం రాసే కోడే అంతకన్నా అధ్వాన్నంగా ఉంటోందని వాళ్లు చెప్పిన కారణం. నా ఈజ్‌మౌంటెడ్ కూడా ఆ బాపతే.

అసలు బగ్ ఎలా ఉండేదో చెబుతాను. ఎడమవైపు కస్టమర్ల జాబితా, కుడివైపు ఎంచుకున్నవారి వివరాలు. మొదటి పేరు మీద నొక్కి, ఆ వెంటనే రెండో పేరు మీద నొక్కితే రెండు రిక్వెస్టులు వెళ్తాయి. రెండోదాని జవాబు ముందు వచ్చింది, సరిగ్గానే కనబడింది. రెండు సెకన్ల తర్వాత మొదటిదాని జవాబు తీరిగ్గా వచ్చి దాని మీద కూర్చుంది. పైన హెడింగ్‌లో రెండో కస్టమర్ పేరు, కింద ఫారంలో మొదటి కస్టమర్ ఫోన్ నంబరు! ఎవరో అది గమనించకుండా సేవ్ కూడా కొట్టేశారు. ఈ కథలో కాంపొనెంట్ తెర మీదే ఉంది కాబట్టి ఈజ్‌మౌంటెడ్ ఎప్పుడూ ట్రూనే.

అబార్ట్‌కంట్రోలర్ దీన్ని నాలుగు లైన్లలో సరిచేసింది. ఐడీ మారినప్పుడల్లా నడిచే యూజ్‌ఎఫెక్ట్ లోపల కొత్త కంట్రోలర్ తయారుచేసి, దాని సిగ్నల్‌ని రిక్వెస్టు పంపే ఫెచ్‌కి ఇచ్చి, మళ్లీ నడిచేముందు పాతదాన్ని సర్దేసే క్లీనప్‌లో అబార్ట్ పిలిస్తే సరి. ఎంచుకున్న కస్టమర్ ఐడీ మారగానే పాత రిక్వెస్టు ఆగిపోతుంది, జవాబు సగం చదువుతూ ఉన్నా సరే. ఒక్కసారి అబార్ట్ చేసిన కంట్రోలర్ మళ్లీ పనికిరాదు, ప్రతిసారీ కొత్తది చేసుకోవాలి. అది బయట ఒకటే పెట్టుకుంటే రెండో రిక్వెస్టు నుంచి ఏదీ వెళ్లదు. నాకు ఒక పూట పోయింది దీనితో.

ఇక ఇబ్బందులు. నన్ను ఎక్కువగా ఏడిపించింది ఫైనల్లీ బ్లాక్, అంటే పని అయినా ఎర్రర్ వచ్చినా చివర్లో నడిచే కోడ్. ఎర్రర్‌ని పట్టుకునే క్యాచ్‌లో, రద్దు వల్ల వచ్చే అబార్ట్‌ఎర్రర్ అయితే వదిలేయాలని అందరికీ త్వరగానే తెలుస్తుంది, లేకపోతే సెర్చ్ బాక్సులో ప్రతి అక్షరానికీ ఎర్రర్ మెసేజ్ వస్తుంది కాబట్టి. కానీ ఫైనల్లీలో లోడింగ్‌ని (జవాబు కోసం ఆగుతున్నామనే గుర్తుని) ఫాల్స్ చేసే ఆ ఒక్క లైను సంగతి ఎవరికీ తట్టదు. పాత రిక్వెస్టు ఆగింది, కొత్తది లోడింగ్‌ని ట్రూ చేసింది, ఆ మరుక్షణం పాతదాని ఫైనల్లీ వచ్చి దాన్ని ఫాల్స్ చేసింది. కొత్త జవాబు ఇంకా దారిలోనే ఉంది, తెర మీద మాత్రం ‘ఫలితాలు లేవు’. అందుకే ఫైనల్లీలో ముందు సిగ్నల్ అబార్ట్ అయిందా అని చూసి, కాలేదంటేనే లోడింగ్‌ని ముట్టుకుంటాను. కోడ్ రివ్యూలో నా కళ్లు ఇప్పటికీ ముందు అక్కడికే వెళ్తాయి.

ఫెచ్ తర్వాత మరో అవెయిట్ (ఒక పని పూర్తయ్యేదాకా ఆగే చోటు) ఉంటే, పెద్ద ఫైలును విడదీయడం లాంటిది, దాన్ని సిగ్నల్ తనంతట తాను ఆపదు. ప్రతి అవెయిట్ తర్వాతా, అబార్ట్ అయి ఉంటే అక్కడే ఎర్రర్‌తో ఆపేసే త్రోఇఫ్‌అబార్టెడ్ పిలుచుకోవాల్సిందే.

సేవ్ చేసే రిక్వెస్టులకు మాత్రం దీన్ని వాడొద్దు. బ్రౌజర్ వినడం మానేస్తుందే తప్ప, సర్వర్ అప్పటికే చేసేసిన పని వెనక్కి రాదు. డైలాగ్ మూసేస్తే క్లీనప్‌లో సేవ్ చేసే పోస్ట్ రిక్వెస్టు అబార్ట్ అయ్యేలా ఒకసారి రాశాను. సేవ్ కాలేదనుకుని యూజర్లు మళ్లీ కొట్టారు, రికార్డులు రెండేసి వచ్చాయి. ఇప్పుడు సేవ్‌ని పూర్తి కానిస్తాను, బటన్‌ని లాక్ చేస్తాను, రిక్వెస్టుకు ఒక ప్రత్యేక కీ ఇచ్చి రెండోసారి వస్తే పట్టించుకోవద్దని సర్వర్ వైపు రాయించాను.

టైమౌట్‌కి అబార్ట్‌సిగ్నల్‌లోనే ఒక మెథడ్ వచ్చాక, గడువు మనమే సెట్‌టైమౌట్‌తో లెక్కపెట్టుకునే గోల తప్పింది. అది టైమౌట్‌ఎర్రర్ అనే వేరే పేరుతో వస్తుంది కాబట్టి యూజర్‌కి ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు ఊరుకోవాలో తేల్చడం సులువు. రెండు సిగ్నళ్లను కలిపే ఎనీ మెథడ్ 2024 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిట్లోకీ వచ్చింది. రియాక్ట్‌లో బగ్గులు బయటపెట్టడానికి ఉండే స్ట్రిక్ట్ మోడ్ డెవలప్‌మెంట్‌లో ప్రతి ఎఫెక్ట్‌నీ మొదట్లో రెండుసార్లు నడిపిస్తుంది కాబట్టి నెట్‌వర్క్ ట్యాబ్‌లో రద్దయిన రిక్వెస్టులు కనబడతాయి. కొత్తగా చేరినవాళ్లు అది చూసి టెన్షన్ పడుతుంటారు, అక్కర్లేదు.

ఈ మధ్య సర్వర్ డేటాలో చాలా భాగం టాన్‌స్టాక్ క్వెరీకి, అంటే సర్వర్ డేటాను తెచ్చి దాచిపెట్టే లైబ్రరీకి, మార్చాం. ఒక్కో జవాబు దాని కీ కిందికే వెళ్తుంది కనుక ఒకరి డేటా ఇంకొకరి మీద పడే సమస్య అక్కడ పుట్టదు. సిగ్నల్ కూడా ఇస్తుంది, మనం వాడితేనే రద్దవుతుంది. నేను బరువైన రిపోర్టులకే వాడతాను. చిన్నవాటిని పూర్తి కానిస్తే క్యాష్‌లో ఉండి తర్వాత పనికొస్తాయి. నచ్చనిది దాని డిఫాల్ట్ రీట్రై. రిక్వెస్టు విఫలమైతే 1, 2, 4 సెకన్లు ఆగుతూ మళ్లీ మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఎర్రర్ కనబడేసరికి ఏడు సెకన్లు దాటుతుంది, ఈలోపు యూజర్ రిఫ్రెష్ కొట్టేస్తాడు. దాన్ని ఒక్క మళ్లీ ప్రయత్నానికి తగ్గించాం.

టైప్ చేస్తుండగా వెతకడం, ఫైల్ అప్‌లోడ్, స్ట్రీమ్‌గా వచ్చే జవాబుకు ఆపు బటన్, వీటికి ఇప్పటికీ చేత్తోనే కంట్రోలర్ రాస్తున్నాను. పరీక్షించేటప్పుడు బ్రౌజర్‌లో నెట్‌వర్క్‌ని స్లో చేసి చూడటం నాకు పెద్దగా ఉపయోగపడలేదు. అన్నీ ఒకేలా నెమ్మదిస్తే వరస మారేది తక్కువ. అందుకే మా డెవలప్‌మెంట్ సర్వర్‌లో ప్రతి జవాబుకూ సున్నా నుంచి మూడు సెకన్ల దాకా ఇష్టమొచ్చినట్టు ఆలస్యం పెట్టాను. మొదటి వారం టీమ్ అంతా తిట్టుకుంది. అదే వారం కస్టమర్ల పేజీ లాంటివే ఇంకో రెండు పేజీలు దొరికాయి, ఒకటి నేను రాసిందే.