ప్రిలాక్స్ క్రీమ్: సూదికి భయపడే ఆటిజం పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది

వానలు పడి, కాలవ గట్ల పక్కనా కొబ్బరి తోటల్లోనూ నీళ్లు నిలిచాయంటే గోదావరి డెల్టాలో జ్వరాల కాలం వచ్చినట్టే. డెంగ్యూ అని అనుమానం వస్తే రక్తపరీక్ష ఒక్కసారితో అయిపోదు. ప్లేట్‌లెట్లు ఎంతకు దిగాయి, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) పెరుగుతోందా అని చూడ్డానికి రోజూ రక్తం తీయిస్తారు. ఏ పిల్లలకైనా అది కష్టమే. ఆటిజం ఉండి, డాక్టరు పేరెత్తితేనే చెవులు మూసుకునే పిల్లాడిని మొదటి రోజు నలుగురు చేరి కాళ్లూ చేతులూ అదిమిపట్టారనుకోండి, రెండో రోజు వాడు ఆసుపత్రి గుమ్మం ఎక్కడు. ఆ భయం జ్వరంతో పాటు పోదు. పళ్ల డాక్టరు దగ్గరికీ, టీకాకీ, చివరికి జుట్టు కత్తిరించేవాడి దగ్గరికీ వెంట వస్తుంది. అందుకే మొదటి సూది నొప్పి లేకుండా పడటం అంత ముఖ్యం. ఆ పనికి మన మందుల షాపుల్లో దొరికే వాటిలో మేం ముందు చెప్పేది ప్రిలాక్స్.

లిగ్నోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం కలిపిన తెల్లటి క్రీమ్ ఇది. నియాన్ ల్యాబొరేటరీస్ వాళ్లది. 5 గ్రాముల ట్యూబు, 30 గ్రాముల ట్యూబు వస్తాయి; పిల్లల అవసరానికి చిన్నది చాలు. చర్మం మీద మందంగా పూసి గాలి తగలకుండా మూసి ఉంచితే మెల్లగా లోపలికి దిగుతుంది. గంటకు సుమారు 3 మిల్లీమీటర్ల లోతు, రెండు గంటలకు 5 మిల్లీమీటర్ల లోతు వరకు మొద్దుబారుతుంది. రక్తం తీసే నరాలు చిన్నపిల్లల్లో పైపైనే ఉంటాయి కాబట్టి కనీసం గంట ఉంచితే పనిచేస్తుంది, గంటన్నర అయితే నిశ్చింత. "పని చెయ్యలేదండీ" అని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ల్యాబ్ బెంచీ మీద కూర్చున్నాక పూసి, పావుగంటకే తుడిచేసినవాళ్లు. అది మందు లోపం కాదు.

ఇంకో పొరపాటు షాపు కౌంటరు దగ్గర జరుగుతుంది. తిమ్మిరి మందు అని అడిగితే చాలాచోట్ల లిగ్నోకైన్ జెల్లీ చేతిలో పెడతారు. నోటి లోపలి పొర, మూత్రనాళం లాంటి చోట్ల పనిచేసే మందు అది. చెక్కుచెదరని చర్మంలోంచి లోపలికి దిగదు. అట్ట మీద రెండు మందుల పేర్లూ ఉన్నాయో లేదో చదివి తీసుకోండి.

పూసే పద్ధతి మీదే సగం ఫలితం ఆధారపడి ఉంది. ఒక్కచోట పూస్తే సరిపోదు, మొదటి నరం దొరక్కపోతే రెండో చోట పచ్చి నొప్పి. రెండు మోచేతి మడతలూ, పెన్ను పట్టని చేతి వెనకభాగం, మొత్తం మూడు చోట్ల పూయండి. చోటుకు గ్రాము నుంచి రెండు గ్రాములు పడుతుంది, అంటే చిన్న ట్యూబు ఒక్కసారికే దాదాపు అయిపోతుంది. ఐదు రూపాయల బిళ్లకన్నా కాస్త పెద్దగా, గుట్టగా పెట్టాలి. మర్దనా చెయ్యకూడదు, పల్చగా రాయకూడదు. పైన వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు. కుడిచేతికి ఎన్నింటికి, ఎడమచేతికి ఎన్నింటికి పూశారో కాగితం మీద రాసుకోండి. గాభరాలో గుర్తుండదు.

ఇక ఆటిజం పిల్లల సంగతి. చాలామందికి సూదికన్నా ముందు జిగురు ప్లాస్టరే పెద్ద బాధ. అంటించేటప్పుడు ఊరుకున్నా పీకేటప్పుడు వెంట్రుకలు లాగుతుంది, దాంతో సూది రాకముందే ఏడుపు. అందుకే ఆసుపత్రుల్లో వాడే పారదర్శక ప్లాస్టరు మానేసి, క్లింగ్ ఫిల్మ్ మీద పాత మేజోడు వేళ్ల దగ్గర కత్తిరించి గొట్టంలా తొడగండి. అలవాటైన బట్ట కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు, చేతికి ఏదో ఉందన్న ధ్యాస కూడా తగ్గుతుంది. ఉక్కపోతకి ఫిల్మ్ జారిపోతుంది కనుక ఫ్యాను కింద కూర్చోబెట్టి పూయండి. నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లాడైతే కన్ను తియ్యకూడదు. క్రీమ్ నాకితే నాలుక, గొంతు మొద్దుబారి మింగుడు పడక పొలమారుతుంది. అలా జరిగితే మొద్దు పూర్తిగా దిగేదాకా తిండీ నీళ్లూ పెట్టకుండా డాక్టరుకు చెప్పాలి.

మొద్దుబారడమే నచ్చని పిల్లలూ ఉంటారు. చెయ్యి తనది కానట్టు అనిపించి గోకుతారు, కొరుకుతారు. అది జ్వరం రోజున తెలియడం మంచిది కాదు. ఒంట్లో బాగున్న రోజున ఒక్కచోట కొద్దిగా పూసి, గంట ఉంచి తుడిచి చూడండి. చర్మం పాలిపోవడం, తర్వాత కాస్త ఎర్రబడటం మామూలే. దద్దుర్లు లేస్తే ఈ మందు ఆ పిల్లాడికి వద్దు. ఈ రిహార్సల్‌కి ట్యూబులో కొంత పోతుంది. పోనివ్వండి, అంతకన్నా విలువైన సమాచారం దొరుకుతుంది. అదేరోజు ఐదు బొమ్మలు గీసి వరస చూపించండి: క్రీమ్, మేజోడు, రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే బెల్టు, సూది, ఆ తర్వాత ఇంటికి. సూది ఉన్న రోజు "ఏమీ చెయ్యర్రా, ఊరికే చూస్తారు" అని మాత్రం చెప్పకండి. మాటను మాటగానే పట్టుకునే పిల్లాడి దగ్గర ఆ అబద్ధం మళ్లీ నమ్మకం పుట్టనివ్వదు.

మన ప్రయాణాలు దీనికి బాగా కలిసొస్తాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేవాళ్లు, లంక ఊళ్లలోంచి అమలాపురం వచ్చేవాళ్లు ఇంట్లోనే పూసి బయల్దేరితే ఆసుపత్రికి చేరేసరికి మందు పని మొదలెట్టి ఉంటుంది. దారిలో ఆలస్యమైనా కంగారు లేదు. ఏడాది దాటిన పిల్లలకు నాలుగు గంటల వరకు ఉంచొచ్చు, తీసేశాక కూడా గంటకు పైగా మొద్దు నిలుస్తుంది. పొడిచర్మం, తామర ఉన్న చోట మందు త్వరగా ఇంకి త్వరగా దిగిపోతుంది. అలాంటి చోటా, గోక్కుని పుండు పడిన చోటా పూయొద్దు. ముందురోజే క్లినిక్‌కి ఫోన్ చేసి ఓపీ మొదట్లోనో, చివర్లోనో పిలవమని అడగండి. లోపల కూర్చోబెట్టకుండా ఆటోలోనో కారులోనో ఉండి, వంతు వచ్చాక వస్తామని చెప్పండి. ఒప్పుకునే డాక్టర్లు మీరనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. ఫోన్ ఎత్తి సరే అనే రిసెప్షన్ ఉన్న ఆసుపత్రినే మీ ఆసుపత్రి చేసుకోండి.

ల్యాబ్‌లో ఒక ఇబ్బంది ఉంది, ముందే తెలిసి ఉండాలి. ఈ క్రీమ్ రక్తనాళాలను కాసేపు ముడుచుకునేలా చేస్తుంది. చర్మం తెల్లబడి నరం కనిపించదు, రక్తం తీసే అబ్బాయి "ఇదెందుకు రాశారండీ, నరం పోయింది" అంటాడు. క్రీమ్ తుడిచేసి పది నిమిషాలు ఆగితే, గోరువెచ్చటి తడిగుడ్డ చుట్టి చెయ్యి కిందికి వేలాడదీస్తే నరం తేలుతుంది. గుడ్డ వేడిని మీ చేతిమీద చూసుకోండి, మొద్దుబారిన చోట కాలినా పిల్లాడికి తెలియదు. అతనికి చెప్పవలసిన మాటలు ఇవి, మర్యాదగా, ముందే: "తమ్ముడూ, బాబుకి ఆటిజం. బెల్టు చొక్కా చెయ్యి మీదనుంచే కట్టు. స్పిరిట్ ఆరాక గుచ్చు. సన్న బటర్‌ఫ్లై సూది వాడు. రెండుసార్లకి దొరక్కపోతే ఆపేద్దాం." స్పిరిట్ ఆరకముందు గుచ్చితే ఆ మంట వేరే, క్రీమ్ పూసిన చోటు దాటి సూది పోతే ఇంకా వేరే. అందుకే పూసిన చోటు చుట్టూ పెన్నుతో గీత గీయండి. వేలి కొనమీద గుచ్చి తీసే పరీక్షకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. అరచేతి చర్మం దళసరి, మందు సరిగా దిగదు. అలాంటప్పుడు మోచేతి దగ్గరే తీయమనడం నయం.

సూదుల సంఖ్య తగ్గించడం డాక్టరు గది లోపలే జరగాలి. అవసరమైన పరీక్షలన్నీ ఒకే చీటీ మీద రాయించుకోండి. డెంగ్యూకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష, ఆ తర్వాత ఐజీఎం అనే రక్తపరీక్ష పనికొస్తాయి కాబట్టి జ్వరం ఏ రోజున మొదలైందో సరిగ్గా చెప్పాలి, లేకపోతే తప్పు పరీక్షకో సూది, సరైన పరీక్షకో సూది. అడ్మిట్ చేస్తే సెలైన్ కోసం క్యాన్యులా వేసేటప్పుడే దాంట్లోంచి రక్తం తీయమని సిస్టర్‌ని అడగండి. పెన్ను పట్టని చేతికే వేయించి, పైన క్రేప్ బ్యాండేజీ, దానిమీద మళ్లీ మేజోడు. కనబడకపోతే పీకడం చాలా తగ్గుతుంది. బ్యాండేజీ బిగుతు కాకూడదు. చెయ్యి వాస్తోందా, ఎర్రబడుతోందా అని మధ్యమధ్య విప్పి చూడాలి.

కండకి వేసే ఇంజక్షన్ల దగ్గర ఈ క్రీమ్‌కి సగం మార్కులే. చర్మం గుచ్చుకున్న నొప్పి తెలియదు గానీ సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ మందు కండలో దిగేటప్పటి మంట అలాగే ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ప్రతి జ్వరానికీ ఒక సూది వేయించుకునే అలవాటు మనకుంది. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు కండకి ఇంజక్షనే మంచిది కాదు, ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు గుచ్చినచోట లోపల రక్తం కారి గడ్డకడుతుంది. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ కూడా వద్దు. పారాసెటమాల్‌లో ఐబుప్రోఫెన్ కలిపిన సిరప్‌లు షాపుల్లో ఉంటాయి, సీసా తిప్పి చదవండి.

జాగ్రత్తల్లో ఒకటి ఆటిజం పిల్లల ఇళ్లకు ప్రత్యేకం. వీళ్లలో కొందరికి ఫిట్స్ కూడా ఉంటాయి, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వాడుతుంటారు. ప్రిలోకైన్ రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీసే మెథిమోగ్లోబినీమియా తెచ్చే అవకాశం కొద్దిగా ఉంది. ఆ రెండు మందులూ, కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మందులూ, డాప్సోనూ ఆ ముప్పును పెంచుతాయి. జి6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకూ అంతే. కాబట్టి పారాసెటమాల్‌తో సహా పిల్లాడు వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పి, ఆయన చీటీ మీదే కొనండి. ఆరేళ్ల వరకు, బరువు 10 కిలోలు దాటినవాళ్లకు ఒకసారికి 10 గ్రాములు మించకూడదు. ఏడు నుంచి పన్నెండేళ్ల వరకు, 20 కిలోలు దాటితే 20 గ్రాములు. వయసు వచ్చినా బరువు రాకపోతే బరువునే లెక్కలోకి తీసుకోవాలి. ఏడాదిలోపు పిల్లల లెక్కే వేరు, అది డాక్టరే చెప్పాలి. పెదాలు నీలంగానో బూడిదరంగులోనో మారినా, ఆయాసం వచ్చినా వెంటనే తుడిచేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దీనికి బదులుగా చెప్పేవి కొన్ని ఉన్నాయి. ఐసుముక్క ఖర్చులేనిది, కానీ చల్లదనం తగలగానే ఉలిక్కిపడే పిల్లలకు అది మరో దెబ్బ. చర్మం దగ్గర పెట్టే వణుకుడు యంత్రాలు కొందరికి హాయి, కొందరికి ఆ చప్పుడే భరించరానిది. నిద్రమత్తు కోసం ట్రైక్లోఫాస్ సిరప్ ఇంట్లో పోసి తీసుకొచ్చే పద్ధతిని మేం గట్టిగా వద్దంటాం. వాంతులతో, జ్వరంతో నీరసించిన పిల్లాడికి మత్తు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, దాన్ని కనిపెట్టే యంత్రం ఇంట్లో ఉండదు. మత్తు అవసరమని డాక్టరు అనుకుంటే ఆక్సిజన్ చూసుకునే చోటే ఇవ్వాలి.

గంట ఆగకూడని వేళలూ ఉన్నాయి. ఫిట్స్, ఆయాసం, పిలిచినా పలకని మగత, ఆగని వాంతులు, కడుపునొప్పి, ముక్కు చిగుళ్లలోంచి రక్తం, చల్లబడిన చేతులు కాళ్లు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా క్రీమ్ సంగతి మర్చిపోయి 108కి ఫోన్ చేయండి. మాటలు రాని పిల్లాడు కడుపునొప్పి అని చెప్పడు. మోకాళ్లు ముడుచుకుని పడుకోవడం, తల గోడకేసి కొట్టుకోవడం, ఇష్టమైన అన్నం ముద్దను తోసెయ్యడం అదే మాట. డెంగ్యూలో జ్వరం తగ్గిన రోజున ఇవి కనిపిస్తే మరీ తొందరపడాలి. ప్రమాదం ఆ ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువ.

కొనడం గురించి: సెంటర్లో ఉన్న పెద్ద షాపుల్లో కూడా ఇది ఎప్పుడూ ఉండదు. చర్మవ్యాధుల డాక్టరు క్లినిక్‌ని ఆనుకుని ఉన్న మందుల షాపులో అడిగితే దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే పులిపిర్లు తీసేటప్పుడు, లేజరు చేసేటప్పుడు వాళ్లు దీన్ని వాడతారు. లేదంటే రెండు రోజుల ముందు చెప్పి తెప్పించుకోండి. జ్వరం వచ్చాక వెతికితే ఆలస్యం కాబట్టి మృగశిర కార్తె నాటికి రెండు చిన్న ట్యూబులు ఇంట్లో ఉంచుకోవాలి. ఎండ తగలని చల్లటి చోట పెట్టండి, ఫ్రీజర్‌లో గడ్డకట్టనివ్వొద్దు. గడువు తేదీ ట్యూబు మడత మీద అచ్చువేసి ఉంటుంది, కింది నుంచి చుట్టుకుంటూ పిండితే అదే ముందు కనబడకుండా పోతుంది. కొన్నరోజే అట్టమీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.