60 ఎలక్ట్రోడ్ల గాజు ఎంఈఏ డిష్: నెట్‌వర్క్ వినడానికి బాగుంది, గీయడానికి చాలదు

ఎంఈఏ అంటే మైక్రోఎలక్ట్రోడ్ అర్రే: న్యూరాన్లను (నాడీకణాలను) పెంచి, వాటి విద్యుత్ సంకేతాలను వినే చిన్న డిష్. గాజు పలక మీద 30 మైక్రాన్ల టైటానియం నైట్రైడ్ ఎలక్ట్రోడ్లు, 200 మైక్రాన్లకు ఒకటి చొప్పున, 8×8 గళ్లలో. నాలుగు మూలలూ ఖాళీ. విద్యుత్ శబ్దం (నాయిస్) తక్కువ, జాగ్రత్తగా కడిగితే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. తయారీలో వంక పెట్టడానికేం లేదు.

తిప్పలంతా కణాలు అంటుకోవడానికి వేసే పూతతోనే. కొత్త గాజు మీద నీళ్లు పరుచుకోవు. ముందు ప్లాస్మా (విద్యుదావేశిత వాయువు) పట్టించి, తర్వాత 0.1 శాతం పాలీఇథిలీన్‌ఇమైన్ అనే పాలిమర్ పూసి, స్టెరైల్ నీళ్లతో నాలుగుసార్లయినా కడగాలి. మిగిలిపోయిన పాలిమర్ కణాలకు విషం. ఆరాక ఎలక్ట్రోడ్ల మీద మాత్రమే లామినిన్ అనే ప్రొటీన్ చుక్క, ఆపైన కణాలు. పూత చెడితే న్యూరాన్లు ముద్దకట్టి గాజును వదిలేస్తాయి. అప్పుడు చిప్‌ను తిట్టి లాభం లేదు.

తర్వాతి శత్రువు ఆవిరి. మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) ఉండేదే కొద్దిగా, అది చిక్కబడితే కణాలు చస్తాయి. 2001లో పాటర్, డిమార్స్ అనే పరిశోధకులు చూపిన టెఫ్లాన్ పొర మూత వాయువులను వదిలి నీటి ఆవిరిని ఆపుతుంది. అది లేకుండా నెలల తరబడి ప్రయోగం పెట్టుకోవద్దు.

ఇక సంకేతాలు. 300–3000 హెర్ట్జ్ ఫిల్టర్ వేసి, శబ్దపు ప్రామాణిక విచలనానికి 5 రెట్లు దాటినదాన్ని స్పైక్‌గా (న్యూరాన్ విడుదల చేసే విద్యుత్ పల్స్‌గా) తీసుకుంటే సరిపోతుంది. మూడో వారానికల్లా డిష్ అంతా ఒక్కసారిగా పేలే బర్స్ట్‌లు మొదలవుతాయి. ఉద్దీపనకు (ఎలక్ట్రోడ్‌తో కణాలను తట్టడానికి) అర వోల్టు, రెండు దిశల్లోనూ సమాన ఛార్జ్ ఉండే పల్స్ చాలు. పల్స్ పడగానే కొన్ని మిల్లీసెకన్లు యాంప్లిఫయర్‌కు ఏమీ వినపడదు, ఆ లోపు స్పైక్‌లు పోయినట్టే. మొదటి 20 మిల్లీసెకన్లలో వచ్చేది ఎక్కువగా నేరుగా తగిలిన కణాల జవాబు, తర్వాతది సినాప్స్‌ల (న్యూరాన్ల మధ్య కలయికల) మీదుగా వచ్చేది. ఎక్కడ తట్టినా చివరికి బర్స్ట్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి, ఇన్‌పుట్‌ల తేడా తొలి భాగంలోనే వెతకాలి. మొత్తం స్పైక్‌లు కూడి 'నెట్‌వర్క్‌కు తేడా తెలియలేదు' అనేయడం తొందరపాటు. చాలా ఎలక్ట్రోడ్ల మీద విడివిడిగా తడుతూ ఉంటే బర్స్ట్‌లు కొంత అణుగుతాయి కూడా.

అసలు లోటు ఆ 200 మైక్రాన్ల దూరం. మధ్యలోని కణాల్లో చాలావాటి మాట వినపడదు, కనుక ఎవరు ఎవరికి కలిసి ఉన్నారో ఈ డేటాతో గీయకండి. అందుకు 17.5 మైక్రాన్ల దూరంలో 26,400 ఎలక్ట్రోడ్లుండి, ఒకేసారి 1,024 చదివే సీఎంఓఎస్ (సిలికాన్ సర్క్యూట్) చిప్ కావాలి. 2022లో న్యూరాన్లతో పాంగ్ అనే వీడియో గేమ్ ఆడించింది ఆ రకం మీదే. కానీ అది సిలికాన్, కింది నుంచి మైక్రోస్కోప్‌తో కణాలను చూడలేం. కాల్షియం ఇమేజింగ్ (కణాల చురుకుదనాన్ని వెలుగుగా చూసే పద్ధతి) కూడా చేయాలంటే గాజే నయం.

ఒక్క చానల్లోనే శబ్దం పెరిగితే కల్చర్‌ను అనుమానించకముందు అంచు కాంటాక్ట్ ప్యాడ్‌ను ఐసోప్రొపనాల్‌తో తుడవండి.