గారోష్‌ని చంపెయ్యాల్సిందా, జైల్లో పెట్టడమే కరెక్టా: ఏది మేలు?

మేం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడతాం, గారోష్ అందులో హోర్డ్ అనే పక్షానికి వార్‌చీఫ్ (నాయకుడు) అయి విలన్‌గా మారిన ఓర్క్. మా గిల్డ్ (ఆటలో మా జట్టు) చిన్నదండి, ఆరుగురం, అందరం గోదావరి వాళ్ళమే, ఒకడు దుబాయ్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో, నేను అమలాపురంలో. ఎవరు కొత్త క్యారెక్టర్ మొదలెట్టి డ్రేనార్‌లో (ఓర్క్‌ల పాత లోకం) నాగ్రాండ్ దాకా, అంటే గారోష్ చచ్చే చోటు దాకా వచ్చినా నాకు ఒకటే మెసేజ్ వస్తుంది, "అన్నా, ఆర్గ్రిమార్‌లోనే గారోష్‌ని వేసేసుంటే ఇదంతా ఉండేది కాదుగా" అని. ఆర్గ్రిమార్ అంటే హోర్డ్ రాజధాని, గారోష్ మనకి దొరికింది అక్కడే. పోయిన వారం మా భీమవరం బావ ఇదే విషయం మీద రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి గంటన్నర వాదించేడు. హాస్టల్ రోజుల నుంచి బావా బావా అనుకుంటాం, మాటకి మొహమాటం లేదు, "నువ్వు విలన్ల పక్షం బావా" అనేసేడు. ఆ మాట నాకు పడలేదు. అందుకే మొత్తం ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

నేను జైలు వైపే. కానీ బావ వాదనలో బలం ఉంది, ముందు అది చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

థెరమోర్ గుర్తుంది కదా. 2012లో పాండారియా ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి కొత్త భాగం) రావడానికి ముందు చిన్న సీన్‌లాగా పెట్టేరు, చాలామంది ఇరవై నిమిషాల్లో కొట్టేసి మర్చిపోయేరు. ఓ రేవు పట్నం, ఓడలు, గోదాములు, మామూలు జనం, దాని మీద మానా బాంబు వేసేడు గారోష్. తర్వాత అక్కడ ఏమీ మిగల్లేదు, ఊదా రంగు గుంట తప్ప. ఆ ఊరి పాలకురాలు జైనా బతికింది కానీ జుట్టు తెల్లబడిపోయింది. సొంత హోర్డ్‌లోనే ఎదురు చెప్పిన ట్రోల్స్ నాయకుడు వోల్‌జిన్‌ని చంపించబోయేడు. చివరికి 2013 సెప్టెంబర్లో సీజ్ (ఆర్గ్రిమార్ ముట్టడి) ప్యాచ్‌లో మనమంతా వెళ్ళి గారోష్‌ని పడగొట్టేక, వాడికి ముందు వార్‌చీఫ్‌గా ఉన్న థ్రాల్ తన సుత్తి డూమ్‌హ్యామర్ పైకెత్తితే పాండారియా వాడైన టారన్ ఝూ వచ్చి ఆపేడు, విచారణ పాండారియాలో జరుగుతుంది అన్నాడు. విచారణంతా గేమ్‌లో కాదు, నవల్లో జరిగింది, అందుకే గేమ్ మాత్రమే ఆడినవాళ్ళకి నిన్న దొరికేడు ఇవాళ తప్పించుకున్నాడు అన్నట్టు అనిపిస్తుంది. పారిపోయినవాడు ముప్ఫై అయిదేళ్ళ వెనకటి ఇంకో డ్రేనార్‌కి పోయి ఐరన్ హోర్డ్ అనే సైన్యాన్ని కట్టేడు, 2014లో డార్క్ పోర్టల్ (లోకాల మధ్య ద్వారం) లోంచి ఆ సైన్యం మన మీదకొచ్చి పడింది.

బావ అడిగేది ఇదే, ఆ రోజు ఆ సుత్తి ఒక్కసారి కిందకి దిగుంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవి? ఆ లెక్కకి నా దగ్గర ఎదురు లెక్క లేదండి, నిజంగా లేదు.

కానీ చంపేస్తే అయిపోతుంది అన్న మాట ఈ లోకంలో ఎంతవరకు నిలుస్తుందో చూడండి. కెల్‌థుజాద్ అనే మాంత్రికుణ్ని ఎన్నిసార్లు చంపేం? అర్థస్ (తర్వాత శవాల సైన్యానికి రాజు, లిచ్ కింగ్, అయిన యువరాజు) చంపేడు, మళ్ళీ అతనే లేపేడు, మనం నాక్స్‌రామస్‌లో చంపేం, 2021లో సాంక్టమ్ రైడ్‌లో (గుంపుగా చేసే పెద్ద దాడి) మళ్ళీ ఎదురొచ్చేడు. సరే, వాడు లిచ్ (చచ్చినా తిరిగి లేచే మాంత్రికుడు) కాబట్టి వదిలెయ్యండి, అర్థస్ సంగతి తీసుకోండి. 2009 డిసెంబర్లో అతని కోట ఐస్‌క్రౌన్ తెరిచేరు, మొదటిసారి అర్థస్ పడినప్పుడు మా రైడ్‌లో ఎవరూ మాట్లాడలేదు కాసేపు, వాళ్ళ నాన్న టెరెనాస్ ఆత్మ వచ్చి ఒళ్ళో పెట్టుకున్న సీన్ అది. వెంటనే ఆయనే చెప్పేడు, లిచ్ కింగ్ అనేవాడు ఒకడు ఎప్పుడూ ఉండి తీరాలి, లేకపోతే ఆ శవాల సైన్యానికి పగ్గం ఉండదు అని. ఒళ్ళంతా కాలిపోయిన బోల్వార్ అనే యోధుడు లిచ్ కింగ్ కిరీటం పెట్టుకుని మంచులో కూర్చుండిపోయేడు, నేను చచ్చిపోయేనని చెప్పండి అని పక్కనున్న యోధుడు టిరియన్‌ని పంపించేసేడు. అంటే విలన్ని చంపేక కూడా కాపలా తప్పలేదు, కాపలాకి కూర్చున్నవాడు ఒక మంచివాడు, ఒంటరిగా, మంచులో. పదకొండేళ్ళకి ఒకప్పటి హోర్డ్ నాయకురాలు సిల్వానాస్ ఒక్కతే వచ్చి బోల్వార్‌ని పడగొట్టి ఆ కిరీటాన్ని రెండు ముక్కలు చేసింది, ఆకాశం బద్దలైపోయింది.

కాబట్టి నాకు అసలు ప్రశ్న చావా జైలా అన్న దగ్గర లేదండి. కాపలా ఎవరు కాస్తారు, ఎలా కాస్తారు, అక్కడే అంతా ఉంది.

ఇది నాకు ఎప్పుడు తట్టిందో చెబుతాను. ఇంటర్‌లో ఉండగా మా ఊరు నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలు, అందరూ డోటా ఆడేవారు, నేను మూల సిస్టమ్‌లో వార్‌క్రాఫ్ట్ త్రీ క్యాంపెయిన్ ఆడేవాణ్ని. నైట్ ఎల్ఫ్‌ల భాగంలో ఒక మిషన్ ఉంటుంది, వాళ్ళ నాయకురాలు టిరాండేని తీసుకుని భూమి కింద జైల్లోకి దిగుతాం, ఇలిడాన్‌ని విడిపించడానికి. 10,000 ఏళ్ళ నుంచి ఆ చీకట్లో ఉన్నాడు. అప్పట్లో మాల్‌ఫ్యూరియన్‌కి తన కవల సోదరుడైన ఇలిడాన్‌ని చంపించడానికి మనసు రాక జైల్లో పెట్టించేడు. ఇప్పుడు లీజియన్ (రాక్షస సైన్యం) మళ్ళీ వచ్చింది, ఇలిడాన్ పనికొస్తాడని టిరాండే నిర్ణయం. మధ్యలో కాపలావాళ్ళు అడ్డం వస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మన జాతి, మన మాట మీద 10,000 ఏళ్ళు ఆ బొక్కలో నిలబడ్డవాళ్ళు. వాళ్ళని చంపుకుంటూ వెళ్ళేది మనమే, మన మౌస్‌తోనే. నేను రెండు గుంపుల్ని చంపేక ఆగిపోయేను, పక్కదారి ఏదన్నా ఉందేమో అని మ్యాప్ అంతా వెతికేను. లేదు. ఇరవై రూపాయల టైం అయిపోయింది, మర్నాడు వచ్చి మళ్ళీ మొదట్నుంచి వాళ్ళనే చంపేను.

ఇక మాయెవ్. ఆ కాపలాదార్లకి పెద్ద. ఇలిడాన్ బయటపడ్డాక ఆవిడకి వేరే బతుకు లేదు, సముద్రాలు దాటి వెంటపడింది, అవుట్‌ల్యాండ్ అనే ఇంకో లోకం దాకా వెళ్ళింది, అక్కడ ఆవిడే ఇలిడాన్‌కి ఖైదీ అయిపోయింది. చివరికి 2007లో బ్లాక్ టెంపుల్‌లో (ఇలిడాన్ కోట) మనతో కలిసి అతన్ని చంపింది. చస్తూ ఇలిడాన్ అంటాడు, వేట లేకపోతే వేటగత్తె శూన్యమే అని. ఆవిడ ఒక్క క్షణం నిలబడి, నిజమే, నాకేమీ అనిపించట్లేదు, నేనేమీ కాను అని వెళ్ళిపోతుంది. అంత పెద్ద విజయం అది, ఆవిడకి ఏమీ మిగల్లేదు.

ఇక్కడ మా నాన్నగారి మాట చెప్పాలి. 86 వరదప్పుడు ఆయనకి పాతికేళ్ళు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయింది, మా వైపు ఇప్పటికీ ఏ వరదొచ్చినా దాంతోనే పోలుస్తారు. ఊరంతా గట్టు మీదే. పెట్రోమాక్స్ లైట్లు, ఇసుక బస్తాలు, తాళ్ళు. గట్టుని ఫర్లాంగుల లెక్కన పంచుకున్నారంట, ఒక్కో ముక్కకి నలుగురు, మూడు గంటలకి ఒక వంతు. పని ఏమిటంటే నీటి వైపు చూడ్డం కాదు, ఊరి వైపు గట్టు వాలులో తడి కనపడుతుందా అని లైటు పట్టుకుని వెతకడం. పీతల బొరియ ఒక్కటున్నా చాలు, ముందు చెమ్మ, తర్వాత బురద నీళ్ళ ఊట, తర్వాత గండి. బురద నీళ్ళు వస్తుంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, అప్పుడు కేక వెయ్యాలి. నాన్నగారి పక్క ముక్కలో ఒకాయన ఇంట్లో గొడవేదో అయ్యి, వంతు మార్చుకోకుండా రెండు రాత్రులు తనే కాసేడంట. మూడో రాత్రి పొడి గట్టు మీద నీళ్ళు నీళ్ళు అని కేకలేసేడంట, అందరూ బస్తాలు పట్టుకుని పరిగెత్తేరు, అక్కడేమీ లేదు. "ఒక్కడే కాస్తే కళ్ళే మోసం చేస్తాయిరా" అంటారు నాన్నగారు. ఇంకోటి కూడా అనేవారు, ఏ ముక్కకి గండి పడితే ఏ ఇళ్ళు మునుగుతాయో ఆ ఇళ్ళవాళ్ళే ఆ ముక్క కాసేరని, కూలికి పెట్టిన మనిషిని ఎవరూ నమ్మలేదని.

ఈ రెండు ముక్కలూ తీసుకెళ్ళి గారోష్ జైలు దగ్గర పెట్టి చూడండి. ఎక్కడ ఉంచేరు? తెల్లపులి గుడి కింద, పాండారియాలో. ఎందుకంటే అది ఎవరి పక్షమూ కాని చోటు. విచారణకి అది మంచి చోటే, నేను కాదనను, కానీ కాపలాకి? గారోష్ బయటపడితే ముందు మునిగేది ఆ గుడివాళ్ళు కారు. పైగా విచారణలో గతాన్ని కళ్ళకి కట్టినట్టు చూపించడానికి కాలాన్ని కాచే కంచు డ్రాగన్ కైరోజ్ కాల గడియారం తెచ్చేడు, అందరూ వాడి చేతిలోని వస్తువుని చూసేరు గానీ వాణ్ని చూడలేదు. సాక్ష్యం చూపించినవాడే తాళం తీసేడు. బొరియ గట్టు లోపలే ఉంది, వీళ్ళు లైటు నీటి వైపు వేసుకుని కూర్చున్నారు. అందుకే గారోష్ పారిపోవడం నాకు జైలుశిక్ష ఓటమిలా అనిపించదు, కాపలా ఓటమి. థెరమోర్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళు ఇద్దరు, ఆర్గ్రిమార్‌లో గారోష్ చేతిలో అయినవాళ్ళని పోగొట్టుకున్న ట్రోల్స్ ఇద్దరు, అలా నలుగురేసి వంతులేసుకుని ఉంటే కైరోజ్‌ని ఆ గది గుమ్మం కూడా దాటనిచ్చేవారు కాదు.

బావ వెంటనే అడిగేడు, థెరమోర్ వాళ్ళకి తాళం చేతికిస్తే ఆ రాత్రే పీక కోసెయ్యరా అని. కోసెయ్యొచ్చు. ఆ ప్రమాదం ఉంది. అందుకే నలుగురు అంటున్నాను, ఒకడికి ఆవేశం వస్తే ముగ్గురు పట్టుకోడానికి. మాయెవ్‌కి ఆ ముగ్గురూ లేరు.

ఇంకో వాదన ఉంది, గారోష్ మారడు కదా, ఎందుకు మేపడం అని. నిజమే, మారలేదు. నాగ్రాండ్‌లో థ్రాల్‌తో మక్‌గోరాలో (చావో బతుకో తేల్చుకునే ఒంటరి పోరు) చస్తూ కూడా అతని మొహం మీద, నన్ను వార్‌చీఫ్‌ని చేసింది నువ్వే అని అరిచేడు. 2021లో సాంక్టమ్‌లో ఆత్మని చిత్రహింసలు పెడుతున్నా పశ్చాత్తాపం లేదు, తనని తనే పేల్చేసుకున్నాడు. నేను జైలు అడిగేది వాడు మారతాడని కాదండి. మక్‌గోరా అంటే ఓర్క్‌కి గౌరవంగా చావడం, ఊరు కాల్చినవాడికి యోధుడి చావు దక్కింది. నాకు ఆ సీన్ ఎన్నిసార్లు చూసినా కడుపులో మంటే. థెరమోర్‌లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి అక్కడ నిలబడే చోటు కూడా లేదు, అది థ్రాల్‌కీ వాడికీ మధ్య సొంత పంచాయితీ అయిపోయింది. వాడు గదిలో బతికుంటే ఆ తల్లి పదేళ్ళ తర్వాతైనా వెళ్ళి ఎదురుగా కూర్చుని అడగొచ్చు. జవాబు చెప్పకపోయినా సరే, అడగడం ఆవిడ హక్కు.

మిగతా దారులు ఎక్కువ మాట్లాడక్కర్లేదు. దేశబహిష్కారం పనికిరాదు, మాల్‌ఫ్యూరియన్ ఇలిడాన్‌ని తరిమేస్తే నాగాలని (సముద్రంలోని పాము జాతి) వెంటేసుకుని వచ్చేడు. క్షమించి వదిలెయ్యడం గురించి గారోష్ విషయంలో ఆలోచించడమే తప్పు. పని శిక్ష మాత్రం ఒక మాట అనుకోవచ్చు, 2022లో సిల్వానాస్‌కి వేసేరు కదా, 'మా' (Maw, చచ్చినవాళ్ళ ఆత్మలు చిక్కుకున్న నరకం) లో ఉన్న ఆత్మలన్నిటినీ వెతికి బయటికి పంపేదాకా నువ్వు రాకూడదు అని. టెల్డ్రాసిల్‌ని (నైట్ ఎల్ఫ్‌లు ఉండే మహావృక్షం) తగలబెట్టినదానికి ఆ శిక్ష చెప్పింది ఎవరు, టిరాండే. ఇలిడాన్ కాపలావాళ్ళని చంపించిన అదే టిరాండే, గారోష్ విచారణలో నేరం మోపి వాదించిన అదే టిరాండే. ముగ్గురి విషయంలో ఆవిడ ఎలా మారుతూ వచ్చిందో చూస్తే చాలు, దాని మీదే ఇంకో పెద్దది రాయొచ్చు. సిల్వానాస్ శిక్ష బాగానే ఉంది, కానీ అక్కడా కాపలా ఎవరో చెప్పలేదు, అందుకే నాకు నమ్మకం తక్కువ.

నాకు ఇప్పుడు భయం ఉన్నది ఒక్కచోటే. 2017లో లీజియన్ అధిపతి సర్గెరాస్‌ని పట్టుకున్నారు. చంపలేదు, పాంథియాన్ (టైటన్ దేవతల కూటమి) దగ్గర బంధించేరు. జైలర్‌గా ఉండిపోయింది ఆ తర్వాత మళ్ళీ బతికొచ్చిన ఇలిడాన్, 10,000 ఏళ్ళు జైలు లోపలి గోడ చూసినవాడు. మొదట చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చేయి, ఇంతకన్నా కాపలా తెలిసినవాడు ఎవరుంటారు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, మళ్ళీ ఒక్కడే. వంతు మార్చడానికి మనిషి లేడు. ఇదే బావకి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయినా సరే గారోష్‌ని మాత్రం వేసెయ్యాల్సిందే బావా" అన్నాడు, ఫోన్ పెట్టేసేడు.

ఈ శనివారం రాత్రి పదింటికి ట్రాన్స్‌మాగ్ (క్యారెక్టర్‌కి పాత డ్రెస్సుల రూపం) కోసం బ్లాక్ టెంపుల్‌కి వెళ్తున్నాం, బావ కూడా వస్తానన్నాడు. మన లెవెల్‌కి ఇలిడాన్ ఎంతసేపో నిలబడడు, అందుకని ఒకటే అడుగుతున్నాను, లూట్ తీసేసుకుని ఎవరూ వెంటనే హెర్త్‌స్టోన్ (ఊరికి ఎగిరిపోయే రాయి) కొట్టెయ్యకండి. మాయెవ్ మాట్లాడి వెళ్ళేదాకా ఉందాం.