న్యూయార్క్ మున్సిపల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ గ్యాలరీ: వంతెనలంటే ఇష్టమున్నవాళ్లు తప్పక చూడాలి

నా ఉద్యోగం వంతెనల తనిఖీ. పాత బ్రిడ్జి ఫోటో ఏది కంటపడినా ముందు కేబుళ్లు ఎలా కట్టారో చూస్తాను, ఆకాశం, నది అన్నీ తర్వాతే. న్యూయార్క్ నగర మున్సిపల్ ఆర్కైవ్స్, అంటే నగర పాత రికార్డుల్ని దాచే ఆఫీసు, వాళ్ల ఫోటో గ్యాలరీ నాలాంటివాళ్ల కోసమే పెట్టారా అనిపిస్తుంది. 2012లో దాదాపు 8,70,000 ఫోటోలతో అందరికీ తెరిచారు. చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు.

పోస్టర్లలో కనిపించే న్యూయార్క్‌కీ ఇక్కడి న్యూయార్క్‌కీ పోలికే లేదు. ఇక్కడున్నవాటిలో చాలా ఫోటోలు ఆఫీసు పనికోసం తీసినవి. నగరానికి అప్పట్లో ప్రత్యేకంగా వంతెనల శాఖ ఉండేది. యూజీన్ డి సాలిన్యాక్ 1906 నుంచి 1934 దాకా దానికి ఫోటోగ్రాఫర్. పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఏం దెబ్బతింది అన్నది ఫైల్లో ఉండాలి, అందుకే తీశాడు. 8 బై 10 అంగుళాల గాజు పలకల మీద దాదాపు 20,000 నెగటివ్‌లు! ఆయన 1943లో పోయాడు, పేరు కూడా మరుగున పడిపోయింది. 1999లో ఆర్కైవ్స్‌లో పనిచేసే ఒకాయన, ఈ నెగటివ్‌ల మీద నంబర్లన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయే అని గమనించి ఆరా తీస్తే, ఇవన్నీ ఒక్కడే తీసినవని తేలింది.

సాలిన్యాక్ తీసినవాటిలో అందరికీ తెలిసిన ఫోటో ఒకటుంది. 1914 అక్టోబర్ 7న తీసింది. బ్రూక్లిన్ బ్రిడ్జికి రంగులేసే పనివాళ్లు తీగల మధ్య అక్కడక్కడా నిలబడి, ఒరిగి, తీరిగ్గా కనిపిస్తారు. చేతిలో కుంచె లేదు, డబ్బా లేదు. అంతకు రెండు వారాల ముందే ఆయన ఇదే వంతెన మీద వాళ్లు పనిచేస్తుండగా ఫోటో తీసి ఉన్నాడు, కాబట్టి ఇది అనుకుని నిలబెట్టి తీసిందే. పెద్దది చేసి చూడండి. నిలువు తీగలకు అడ్డంగా, టవర్ నుంచి ఏటవాలుగా దిగే తీగలు కూడా ఉంటాయి. రెండూ కలిసి వలలా అల్లుకున్నాయి, మనుషులు కాళ్లు ఆనించింది ఆ అల్లికలోనే. పెద్ద కేబుళ్లు తెగినా వంతెన కుంగుతుందే తప్ప కూలదని డిజైన్ చేసిన జాన్ రోబ్లింగ్ ధీమాగా చెప్పింది ఈ ఏటవాలు తీగల్ని నమ్ముకునే. 1883లో తెరిచిన ఆ వంతెన గురించి ఎంత చదివినా, ఆ తీగ మనిషి చేతి పక్కన ఎంత లావుందో ఈ ఫోటోలో చూస్తేగానీ నాకు తృప్తి కలగలేదు.

నాకు అంతకంటే నచ్చింది మాన్‌హట్టన్ బ్రిడ్జి వరుస. 1909 డిసెంబర్ 31న తెరిచారు దాన్ని. 1908లో బ్రూక్లిన్ వైపు వాషింగ్టన్ స్ట్రీట్ నుంచి తీసిన ఫోటోలో వీధి చివర ఉక్కు టవర్ నిలబడి ఉంటుంది, రోడ్డు మాత్రం ఇంకా రాలేదు. ఇప్పుడు టూరిస్టులు ఎగబడి ఫోటోలు దిగేది సరిగ్గా అక్కడే. ముందు టవర్లు, తర్వాత కేబుళ్లు, ఆ తర్వాత వాటికి వేలాడదీసిన రోడ్డు ముక్కలు: తేదీల వారీగా చూసుకుంటూ పోతే వేలాడే వంతెన ఎలా కడతారో వేరే పాఠం అక్కర్లేదు.

వంతెనలే కాదు, 1939–41 మధ్య ఇంటిపన్ను లెక్కల కోసం నగరంలోని ఇళ్లూ దుకాణాలూ అన్నిటికీ తీసిన ఫోటోలూ ఉన్నాయి. చాలావాటిలో ముందు ఒక నంబర్ల బోర్డు కనిపిస్తుంది. పన్ను లెక్కల్లో ఆ స్థలానికి ఇచ్చిన బ్లాక్ నంబరు, లాట్ నంబరు తెలిస్తే వెతకడం సులువు, కొంచెం ఓపిక కావాలి.

గోడకు పెట్టుకుందామని ఇలాంటి పాత బ్రిడ్జి ఫోటో ఒకటి ఒక ప్రింటింగ్ షాపులో చేయిస్తే, ఫ్రేముకి సరిపోవాలని అంచులు కోసేశారు. చేత్తో రాసిన నంబరు కాస్తా పోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ ఫోటోలకు ఆ నంబరే కదా గుర్తింపు! ప్రింట్లు ఆర్కైవ్స్ వాళ్లే డబ్బు తీసుకుని చేసిస్తారు. ఎక్కడ చేయించినా సరే, అంచులు ముట్టుకోవద్దని ముందే గట్టిగా చెప్పండి.

ఫోన్‌లో మాత్రం చూడకండి, పెద్ద స్క్రీన్ ఉండాల్సిందే. పేరున్న రంగుల పనివాళ్ల ఫోటోతో కాకుండా మాన్‌హట్టన్ బ్రిడ్జితో మొదలుపెట్టండి, 1908 నుంచి వరుసగా.