వెనిస్‌లో బస, పడవలు, వంతెనలు: తెలుసుకుని వెళ్లాల్సిన సంగతులు

వెనిస్‌లో దూరాన్ని మీటర్లలో కంటే వంతెనల్లో లెక్కపెట్టుకోవడం మంచిది. ఊళ్లో కార్లుండవు, ఆటోలుండవు, సైకిల్ కూడా తొక్కనివ్వరు. 400కు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నింటికీ మెట్లే. మ్యాప్‌లో 500 మీటర్లున్న హోటల్‌కు దారిలో నాలుగు వంతెనలు పడితే 23 కిలోల పెట్టెను నాలుగుసార్లు ఎత్తి దించాలి. అందుకే గది బుక్ చేసేముందు రేటింగ్ కంటే ముందు చూడాల్సింది ఒకటుంది: దగ్గరలోని పడవ రేవు ఏది, అక్కడి నుంచి గుమ్మం దాకా ఎన్ని వంతెనలు? హోటల్‌వాళ్లను అడిగితే చెబుతారు. లిఫ్ట్ ఉందో లేదో కూడా అప్పుడే అడగండి, పాత భవనాల్లో చాలావాటికి ఉండదు.

చాలామంది డబ్బు కలిసొస్తుందని అవతలి ఒడ్డున ఉన్న మెస్త్రేలో దిగుతారు. అక్కడ గదులు చవక, పెద్దవి కూడా. రైల్లో పది పన్నెండు నిమిషాల్లో సాంతా లూచియా స్టేషన్‌కు చేరుకోవచ్చు. ఒక్క పగలు చూసి వెళ్లిపోయేవాళ్లకు అది చాలు. రెండు రాత్రులు ఉండేవాళ్లు మాత్రం కొంచెం ఎక్కువైనా ఊళ్లోనే ఉండాలని గట్టిగా చెబుతాను. పగటి జనం రైళ్లెక్కి వెళ్లిపోయాక, మళ్లీ పొద్దున ఎనిమిదింటిలోపు కనిపించే వెనిస్ వేరు. మెస్త్రేలో ఉంటే ఆ రెండు పూటలూ పోతాయి. ఊళ్లో కన్నరేజో, దోర్సోదూరో పేటలు ధరకూ ప్రశాంతతకూ మేలు. స్టేషన్ వైపున్న కన్నరేజోలో సామానుతో నడక తక్కువ. ఊరి ప్రధాన చౌక్ సాన్ మార్కో చుట్టుపక్కల ధర ఎక్కువ, రద్దీ ఎక్కువ, మంచి భోజనం దొరకడం కష్టం. జుదెక్కా దీవిలో గదులు బాగుంటాయి కానీ ప్రతి రాకపోకకూ పడవెక్కాలి.

చిరునామాలు కొత్తవాళ్లను బాగా తికమక పెడతాయి. ఊరు ఆరు పేటలు. ఇంటి నంబర్లు వీధివారీగా కాకుండా పేట మొత్తానికి వరుసగా వేలల్లో నడుస్తాయి. కస్తెల్లో ఒక పేట; ‘కస్తెల్లో 4200’ అని ఉంటే వీధి పేరు తెలియనిదే ఇల్లు దొరకదు. సందులు ఇరుకు కావడంతో ఫోన్‌లో జీపీఎస్ పక్క సందుకు జరుగుతుంది. అప్పుడు గోడల మీద పసుపు బోర్డులు చూసుకోండి: ‘పెర్ రియాల్తో’ (రియాల్తో వంతెన వైపు), ‘పెర్ సాన్ మార్కో’ (సాన్ మార్కో వైపు), రైల్వే స్టేషన్‌కైతే ‘అల్లా ఫెర్రోవియా’.

ఇక లాంచీలు. వాపొరెట్టో అంటే ఈ ఊరి సిటీ బస్సు. 2025 ధరల ప్రకారం 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, 24 గంటల పాస్ 25, 48 గంటలది 35, 72 గంటలది 45. అంటే ఒక రోజులో మూడుసార్లు ఎక్కితే పాస్ డబ్బు వచ్చేసినట్టే. 6 నుంచి 29 ఏళ్ల వయసు వాళ్లు 6 యూరోల రోలింగ్ వెనిస్ కార్డు తీసుకుంటే 72 గంటల పాస్ 27కే వస్తుంది. జర్మనీ వంటి చోట్ల చదువుకుంటూ సెలవుల్లో వచ్చే మన పిల్లలు దీన్ని వదులుకోకూడదు. గంటల లెక్క మొదటిసారి మెషీన్‌కు తాకించినప్పటి నుంచి మొదలవుతుంది. పాస్ జేబులో ఉన్నా ప్రతిసారీ ఎక్కేముందు తాకించాలి, లేకపోతే జరిమానా.

1వ నంబరు లాంచీ ఊరి మధ్యగా పోయే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్‌లో ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ తాకుతూ దాదాపు ప్రతి రేవులో ఆగుతుంది. బస్సులు ఆగే పియాజ్జాలే రోమా నుంచి సాన్ మార్కోకు ముప్పావు గంట పడుతుంది. 2వ నంబరు తక్కువ చోట్ల ఆగి త్వరగా చేరుస్తుంది. చూడటానికి 1, చేరుకోవడానికి 2. మొదటి రేవైన పియాజ్జాలే రోమాలో ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, తర్వాతి రేవుల్లో అనుమానమే. 4.1, 4.2 ఒకే వలయంలో ఎదురెదురుగా తిరుగుతాయి, 5.1, 5.2 కూడా అంతే. పొరపాటున రెండోది ఎక్కితే ఊరంతా చుట్టి రావాలి. పెద్ద రేవుల్లో ఒక్కో దిశకు ఒక్కో తేలే వేదిక ఉంటుంది, బోర్డు మీద దిశ చూశాకే వరుసలో నిలబడండి.

గొండోలాకు అధికారిక ధర 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటాక 35 నిమిషాలకు 110. ఇది పడవకు, మనిషికి కాదు. ఐదుగురి వరకు ఎక్కవచ్చు. ఎక్కేముందే ధర, నిమిషాలు, దారి తేల్చుకోండి. సాన్ మార్కో ఎదుటి విశాలమైన నీటిలో మోటారు పడవల అలలకు కుదుపులుంటాయి, లోపలి చిన్న కాలువల దారే హాయి. అంత ఖర్చు వద్దనుకుంటే ట్రగెట్టో ఉంది. ఇద్దరు తెడ్డు వేసే ఈ పడవ గ్రాండ్ కెనాల్‌ను అడ్డంగా దాటిస్తుంది, యాత్రికులకు రెండు యూరోలు. సాంతా సోఫియా దగ్గర ఎక్కితే రియాల్తో బజారులో దిగుతారు. అక్కడి చేపల మార్కెట్‌కు ఆది, సోమవారాలు సెలవు.

దీవులకు ఫొండమెంతే నోవే నుంచి 12వ నంబరు లాంచీ. బురానో ముప్పావు గంట. అందరూ ముందు మురానోలో దిగుతారు కనుక, పొద్దునే నేరుగా బురానో వెళ్లి, అక్కడి నుంచి తొర్చెల్లోలో 639లో స్థాపించిన చర్చి, అందులోని మొజాయిక్‌లు చూసుకుని, తిరుగు దారిలో మురానో ఆగడం మేలు. తొర్చెల్లో మాత్రం వదలొద్దు. గాజు కొలుములను అగ్నిప్రమాదాల భయంతో 1291లో మురానోకు తరలించారు. అక్కడికి ‘ఉచిత పడవ’ అని ఎవరైనా పిలిస్తే అది నేరుగా షోరూమ్‌కే తీసుకెళ్తుంది, కొనకుండా బయటపడటం కష్టం. పాస్ చేతిలో ఉండగా ఆ మొహమాటం ఎందుకు?

శాకాహారులు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బిగోలి ఇన్ సాల్సా చూడటానికి ఉల్లిపాయల పాస్తా, కానీ అందులో ఉప్పు చేప కరిగి ఉంటుంది. ‘సెంజా కార్నే, సెంజా పెష్షే’ అంటే మాంసం, చేప లేకుండా అని అర్థమవుతుంది. బిల్లులో కొపెర్తో అని, బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికింత వేస్తారు, అది మామూలే. కాఫీ నిలబడి తాగితే చవక. సాన్ మార్కో చౌక్‌లో కూర్చుంటే వాద్యసంగీతానికి కూడా విడిగా వేస్తారు. ఊళ్లోని కుళాయిల నీళ్లు శుభ్రమైనవే, సీసా నింపుకోండి.

అక్టోబరు నుంచి మార్చి వరకు పోటు సమయాలు చూసుకోవాలి. 2019 నవంబరు 12న నీరు 187 సెంటీమీటర్లకు చేరింది. 2020 అక్టోబరు నుంచి సముద్ర ముఖద్వారాల్లో పోటును ఆపే ‘మోసే’ (MOSE) అనే గేట్లు పనిచేస్తున్నాయి. వాటిని మామూలుగా 110 సెంటీమీటర్లు దాటుతుందన్న అంచనా ఉంటేనే లేపుతారు. సాన్ మార్కో చౌక్ పల్లం కనుక అంతకంటే తక్కువ పోటుకే నీళ్లొస్తాయి. కొన్ని గంటల్లో తీస్తుంది, ఈలోపు కన్నరేజో వైపు వెళ్లండి.

వసంతం, వేసవిలో ఎంపిక చేసిన రోజుల్లో పగటి యాత్రికులకు ప్రవేశ రుసుము ఉంది: ముందుగా కడితే 5, ఆలస్యమైతే 10 యూరోలు. ఊళ్లో గానీ మెస్త్రేలో గానీ రాత్రి ఉండేవాళ్లు కట్టక్కర్లేదు, కానీ మినహాయింపు నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ దగ్గర ఉంచుకోవాలి. పక్క ఊరు పాదువాలో బస చేసి వచ్చేవాళ్లు కట్టాల్సిందే.

విమానాశ్రయానికి మార్కో పోలో పేరు పెట్టారు. మన మోటుపల్లి రేవు గురించీ, ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణి గురించీ రాసిన వెనిస్ వర్తకుడే ఆయన. విమానాశ్రయానికి వెళ్లే అలిలగూనా పడవకు వాపొరెట్టో పాస్ చెల్లదు, సాన్ మార్కో నుంచి గంటకు పైగా పడుతుంది. పొద్దునే విమానముంటే పియాజ్జాలే రోమా నుంచి బస్సు నయం, అరగంటలోపే చేరుస్తుంది. ఆ చివరి రాత్రి మాత్రం గది స్టేషన్ వైపు తీసుకోండి.