ఏసీ ఎక్కడ కొనాలి: పెద్ద షోరూమా, వీధి చివర డీలరా?

మార్చి వచ్చిందంటే చుట్టాల నుంచీ ఆఫీసువాళ్ల నుంచీ ఒకటే ప్రశ్న. ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు అన్నది వాళ్లు ముందే తేల్చుకుని ఉంటారు. తేలనిదల్లా మన విశాఖలో ద్వారకానగర్ వైపు పెద్ద షోరూమ్‌కి వెళ్లాలా, తమ వీధిలో డీలర్ దగ్గరే తీసుకోవాలా అన్నదే. అంటే, ఏ సేల్స్‌మ్యాన్ మాట నమ్మాలీ అని.

ధరలో షోరూమ్‌దే పైచేయి. నాలుగైదు కంపెనీలు పక్కపక్కనే చూడొచ్చు, కార్డు ఆఫర్లు, ఈఎంఐ, పాతదానికి ఎక్స్‌ఛేంజ్ అన్నీ ఉంటాయి. కాకపోతే అక్కడ మన వెంట తిరిగే కుర్రాళ్లలో చాలామంది షోరూమ్ మనుషులు కారు, కంపెనీలు పెట్టుకున్న ప్రమోటర్లు. మనం ఎక్కడ ఆగినా, చివరికి తన కంపెనీ ఏసీ ముందుకే తీసుకొస్తాడు. అది మోసమేం కాదు, అతని ఉద్యోగమే అది. ‘బాబూ, నువ్వు ఏ కంపెనీ తరఫున?’ అని మొదటే అడిగేస్తే సరి, దాచరు. మా వదినకి ఏసీ చూస్తున్నప్పుడు ఒక ప్రమోటర్ అమ్మాయి, ‘టాప్ ఫ్లోర్ అంటున్నారు కదమ్మా, ఒక టన్ను చాలదు. మాది ఒకటిన్నర ఇప్పుడు స్టాక్ లేదు, పక్క కంపెనీది చూసుకోండి’ అని చెప్పింది. అలాంటివాళ్లూ ఉన్నారు.

రెండో రకమూ ఉన్నారు. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ఆ తగ్గిన పన్నునే ‘మీకోసం స్పెషల్ డిస్కౌంట్ సార్’ అని ఒకాయన నాకు అమ్మబోయాడు! స్టార్ లేబుల్ మీద ఉండే యూనిట్ల అంకె ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసింది. ఆయన మాత్రం మన ఇంట్లో ఎన్ని గంటలు నడుస్తుందో అడక్కుండానే ‘ఏడాదంతా కలిపి కరెంటు ఇంతే’ అని చెప్పేశాడు.

ఇంతకీ విశాఖలో నేను అన్నిటికన్నా ముందు చూసేది ధర కాదు, గోడ బయట బిగించే ఔట్‌డోర్ యూనిట్. పెదవాల్తేరు, లాసన్స్ బే, పాండురంగాపురం లాంటి చోట్ల ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లే తుప్పుపట్టి రాలుతుంది. ఔట్‌డోర్‌లోని ఫిన్లు, అంటే పల్చటి అల్యూమినియం రేకులు, ఎన్నాళ్లు ఆగుతాయి? గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, అదే కాయిల్, రాగిదా, పూర్తిగా అల్యూమినియందా, ఫిన్ల మీద కోటింగ్ ఉందా అన్నది ఇక్కడ స్టార్ల కంటే ముందు అడగాల్సిన మాట. రాగి కాయిల్ లీకైతే మన మెకానిక్ వెల్డింగ్ చేసి, గ్యాస్ నింపి నడిపిస్తాడు. అల్యూమినియందైతే చాలాసార్లు కాయిలే మార్చమంటారు. పైగా ఉప్పు వల్ల వచ్చిన తుప్పుకి వారంటీ వర్తించదని కొన్ని కంపెనీలు కార్డులో రాసేస్తాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టమని బిల్లింగ్ కౌంటర్ దగ్గర బతిమాలేవాళ్లు ఆ లైను చూపించగా నేనైతే చూడలేదు.

డీలర్ వైపు నా మొగ్గు ఇందుకే. కాస్త పాతుకుపోయిన డీలరైతే బడ్జెట్ కంటే ముందు ‘ఇల్లు ఎక్కడండీ? బీచ్ ఫేసింగా? ఔట్‌డోర్ ఏ గోడకి పెడతారు?’ అని అడుగుతాడు. సముద్రం వైపు బాల్కనీలో వద్దంటాడు, పైపు కొంచెం ఎక్కువైనా వెనక గోడకి పెట్టమంటాడు, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగించమంటాడు. ఎందుకంటే రేపు గ్యాస్ పోతే మనం వెళ్లి నిలబడేది అతని కొట్టు ముందే. షోరూమ్‌లో అమ్మిన కుర్రాడు వచ్చే వేసవికి అక్కడే ఉంటాడన్న నమ్మకం లేదు.

అలాగని డీలర్లంతా మంచివాళ్లని కాదు. గోడౌన్‌లో మిగిలిపోయిన పాత మోడల్ అంటగట్టేవాళ్లుంటారు, తయారీ నెల చూసుకోండి. ‘బిల్లు లేకుండా అయితే ఇంకో రెండు వేలు తగ్గిస్తా’ అంటే మాత్రం అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. బిల్లు లేకుండా వారంటీ అడగడానికి మొహం ఉండదు.

ఒకే కంపెనీ షోరూములంటారా, ఏ బ్రాండో ముందే తేల్చుకున్నవాళ్లకి పర్వాలేదు. ఆన్‌లైన్‌లో సేల్స్‌మ్యాన్ బెడద లేదు, ఇల్లెక్కడని అడిగేవాడూ లేడు. ఫిట్టింగ్‌కి వచ్చినవాడు స్టాండుకీ, అదనపు పైపుకీ ఎంతంటే అంత ఇచ్చుకోవాల్సిందే. పాత ఏసీ తీసేసి అదే చోట కొత్తది పెట్టేవాళ్లు, సముద్రానికి దూరంగా ఏ మధురవాడ లోపలో, పెందుర్తిలోనో ఉంటే, ఆన్‌లైన్‌లో నిక్షేపంగా తీసుకోవచ్చు.